వాయిదాల వకీలు గెలిచిన ఒకే ఒక్క కేసు

ఇలా నా పక్కకు జరుగు. ముందు ఆ తలుపు దగ్గరగా వేసి రా, ఇది అరిచి చెప్పుకునే కథ కాదు. కుర్చీల కథ. నవ్వకు మరి. నలభై కుర్చీల కోసం ఒక మంచి మనిషి ప్రాణం పోయింది, పదకొండు ఓడలు మునిగేవే. అటూ ఇటూ చూడకుండా విను.

ఓడరేవు పక్కనే కస్టమ్స్ ఆఫీసు. పొద్దున్న పదకొండు గంటలు. అప్రైజర్ తన బల్ల ముందు కూర్చున్నాడు. అప్రైజర్ అంటే, పై దేశం నుంచి దిగిన సరుకు చూసి, ఇది ఫలానా వస్తువు, దీనికింత సుంకం అని తేల్చేవాడు. ఫైలు మీద ఒక వాక్యం రాశాడు. దారం కట్టాడు. లక్క కరిగించి ముడి మీద చుక్కలుగా వేశాడు. తన ఇత్తడి సీలు తీసి, అరచేతి బలమంతా పెట్టి నొక్కాడు.

"అబ్బా!" అన్నాడు.

అరచెయ్యి చూసుకున్నాడు. ఆవగింజంత రక్తం. కర్చీఫుతో తుడుచుకుని కిటికీ వైపు రెండడుగులు వేశాడు. మూడో అడుగు పడలేదు.

ఆఫీసు డాక్టరు వచ్చి గుండె ఆగిందని రాసి వెళ్ళిపోయాడు. తరువాత ఆ ఫైలు విప్పి చూశారు. ఆయన చేతిరాతలో చివరి వాక్యం ఇది: 'వాళ్ళు అడిగినట్టే తేల్చి, సరుకు వెంటనే ఇచ్చేయాలి.'

ఆ ఒక్క వాక్యం చచ్చినవాడిని మళ్ళీ చంపింది. ఎందుకంటావా? తొమ్మిది నెలలుగా ఆ సరుకు గోదాములో పడి ఉంది. నలభై పెట్టెలు, పెట్టెకో కుర్చీ. తెప్పించిన కంపెనీ ఇవి కంటి డాక్టరు కుర్చీలు, వైద్య పరికరాలు, సుంకం తక్కువ అంటుంది. కస్టమ్స్ వాళ్ళు కాదు, సెలూన్ కుర్చీలు, సుంకం ఎక్కువ అంటారు. వీళ్ళొక నోటీసు, వాళ్ళొక జవాబు, మధ్యలో అప్పీలు, పెట్టెల మీద కోర్టు సీలు. అలాంటి తగువులో సర్కారు మనిషే అటు పక్క వాళ్ళకి అనుకూలంగా రాసి పోతే జనం ఏమంటారు? అమ్ముడుపోయాడన్నారు. శవం ఇంటికి చేరకముందే అన్నారు, ఆ ఆర్డరు పక్కన పడేశారు.

తొమ్మిది రోజుల తరువాత, సీక్రెట్ సర్వీస్ ఆఫీసులో, బాస్ తన నైన్‌ని పిలిపించాడు. నైన్ అంటే ఏజెంటు నంబరు. అసలు పేరు ఆ ఆఫీసులో ఎవరికీ అక్కర్లేదు.

"కూర్చో," అన్నాడు బాస్.

"నిలబడతాను."

"మీ బావ సంగతి నాకూ బాధగానే ఉంది."

"దొంగ అని రిపోర్టు రాసింది మీరే."

అవునమ్మా, పోయిన అప్రైజర్ ఈ నైన్‌కి స్వయానా బావ, తోడబుట్టిన అక్క మొగుడు. అందుకే ఆ గదిలో గాలి కూడా పళ్ళు కొరుకుతూ నిలబడింది.

"బ్రీఫింగ్ విను," అన్నాడు బాస్. "ఆ పెట్టెల్లో పేలుడు సామాను ఉంది. వెనకున్నది విదేశీ ముఠా. బయటికొస్తే ఊరు మిగలదు. లోపలున్న మన మనిషి చెప్పింది."

"విప్పి చూడొచ్చుగా?"

"కోర్టు సీలు. పైగా విప్పితే మన మనిషి ఎవరో ముఠాకి తెలిసిపోతుంది."

"ఎవరా మనిషి?"

"కంపెనీ ప్రతినిధి. ముత్యాలావిడ."

ఆవిడని రేవులో ఎరగనివారు లేరు. మెడలో మూడు వరసల ముత్యాలు, కాటుక కళ్ళు. నవ్విందంటే గుమాస్తాలు రాసే లెక్క మరిచిపోతారు. రెండు వైపులా పని చేసేది. ముఠా జీతం తింటూ మనకి రహస్యాలు చెప్తోందని బాస్ నమ్మకం.

"ఇవాళ మూడింటికి విచారణ. ఎక్స్‌పర్ట్ సాక్ష్యం కావాలని కంటి డాక్టర్ని పిలిచారు. ఆ డాక్టరు రాడు, నువ్వు వెళ్తావు. ఇవి సెలూన్ కుర్చీలు అని ఒక్క మాట చెప్పు. తగువు ఇంకో ఆరు నెలలు సాగుతుంది, సరుకు కదలదు. గార్డులకి ఆర్డరిచ్చాను, పెట్టె ముట్టుకుంటే కాల్చేస్తారు."

"మీరెక్కడుంటారు?"

"ఒంటిగంట నుంచి సిగ్నల్ రూములో. నాలుగింటికి కమాండర్ కొత్త కోడు, పదకొండు ఓడల దారులు నోటితో చదివి వినిపిస్తాడు. కాగితం మీద పెట్టడం లేదు. తలుపులు బిగించేస్తాం, ఫోన్లు తీసేస్తాం. ముత్యాలావిడతో కోడ్ వర్డ్ రాసుకో. 'దూరపు చూపు ఎలా ఉంది?' అని నువ్వడగాలి. 'దూరం బాగానే ఉంది, దగ్గరిదే మసక' అని ఆవిడ చెప్తుంది."

నైన్ తెల్లకోటు వేసుకున్నాడు. మీసం తీసేశాడు. టార్చి, పొడవాటి కాడకి బిగించిన చిన్న గుండ్రటి అద్దం, పరీక్ష కళ్ళజోళ్ళు బ్యాగులో సర్దుకున్నాడు. ఒంటిగంటన్నరకి, దారిలోనే కదా అని, అక్క ఇంటికి వెళ్ళాడు.

అక్క గది మధ్యలో కూర్చుని సామాను మూట కడుతోంది. క్వార్టరు ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది. తమ్ముణ్ణి చూసి లేవలేదు.

"వచ్చావా డాక్టరూ? ఎవరి కళ్ళు తెరిపిద్దామని?"

"అక్కా…"

"అక్కా లేదు, గిక్కా లేదు. నీ బాసు రాసిన కాగితం ఆఫీసు గోడకి అంటించారటరా! పక్కింటావిడ చదివొచ్చి నాకు చెప్పింది, కాఫీ ఉందా అని అడిగినంత తేలిగ్గా. నువ్వు నోరు మూసుకుని జీతం తీసుకుంటున్నావు."

వాడు కింద కూర్చుని మూట ముడి పట్టుకున్నాడు. అక్క ఆ చెయ్యి తోసేసింది. వాడు చెయ్యి వెనక్కి తీసుకుని అడిగాడు.

"బావ ఆ మాట ఎందుకు రాశాడు?"

"నాకేం చెప్తాడు? అన్నం తింటూ తనలో తనే మాట్లాడుకునేవాడు. సుంకం దగ్గర తగువొస్తే, బాండు రాసిచ్చి సరుకు ముందు పట్టుకుపోండి, తగువు తరువాత తేల్చుకుందాం అంటారటగా?"

"అంటారు. అందరూ కాళ్ళావేళ్ళా పడి అడిగేది అదే."

"వీళ్ళకి మీ బావే పిలిచి ఇస్తానన్నాడట. వద్దన్నారట! రెండుసార్లు. 'సరుకు కావలసినవాడు సరుకు వద్దంటాడా?' అని ఆ రోజు ముద్ద కలిపి, తినకుండా లేచిపోయాడు."

నైన్ వేళ్ళ మీద లెక్క వేశాడు. తొమ్మిది నెలలు. ఎనిమిది వాయిదాలు. అడిగినవన్నీ కంపెనీ వాళ్ళే. వాళ్ళకి సరుకు బయటికి రావడం కాదు కావలసింది. లోపలే ఉండటం కావాలి. అది పసిగట్టే బావ ఇచ్చేయమని రాశాడు.

"ఇదిగో, ఇది కూడా అప్పజెప్పాలట," అని అక్క గుడ్డలో చుట్టిన ఇత్తడి సీలు విసిరినట్టు పెట్టింది. ప్రతి అప్రైజర్‌కీ నంబరుతో సొంత సీలు ఉంటుంది. "పిడి వదులైందని ఆయన విసుక్కుంటుంటే, ఆ ముత్యాలావిడ కొత్త పిడి వేయించి తెచ్చిందట. మర్నాడే పోయాడు. ముచ్చటగా వాడుకునే రాత కూడా లేదు."

వాడు గుడ్డతోనే సీలు పట్టుకున్నాడు. పిడి నున్నగా ఉంది, నెత్తిన సూదిమొనంత రంధ్రం. దాన్ని గడప మీద పెట్టి గట్టిగా నొక్కాడు. రంధ్రంలోంచి వెంట్రుకంత సూది తల ఎత్తి, చెయ్యి సడలించగానే లోపలికి పోయింది.

అక్క చూసింది. ఏడవలేదు. "చేత్తో తెచ్చిచ్చిందిరా," అంది. అంతే.

వాడు బాస్‌కి ఫోన్ చేశాడు. మోగలేదు. ఒంటిగంట ఎప్పుడో దాటిపోయింది.

రెండుంబావుకి గోదాము. ఎత్తైన రేకుల కప్పు, ఎలుకల వాసన. లారీ టైర్లు, గాజు సామాను, చివర గోడకి ఆనించి, శాంపిల్ కుర్చీది పోగా ముప్పై తొమ్మిది పెట్టెలు. తుపాకీ గార్డు కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు, "కళ్ళతో చూడు. చెయ్యేస్తే చెయ్యి ఉండదు."

వెనకనుంచి అత్తరు వాసన. ముత్యాలావిడ.

"దూరపు చూపు ఎలా ఉందండీ?" అన్నాడు నైన్.

"దూరం బాగానే ఉంది, దగ్గరిదే మసక," అని నవ్వి గొంతు తగ్గించింది. "సెలూన్ కుర్చీ అనండి, ఇంటికెళ్ళండి. మీ బావలాగా ఎక్కువ ఆలోచించకండి."

నవ్వుతూనే అంది. వాడూ నవ్వాడు.

టార్చి జారవిడిచాడు. అది పెట్టెలకీ గోడకీ మధ్య సందులోకి దొర్లింది. దాన్ని అందుకునే వంకతో మోకాళ్ళ మీద కూర్చుని, కాడ అద్దాన్ని సందులోకి పోనిచ్చాడు. అన్ని పెట్టెల సీళ్ళ మీదా దుమ్ము. పదిహేడో పెట్టె సీలు మాత్రం నిన్ననో మొన్ననో వేసినట్టు నిగనిగలాడుతోంది. వాయిదా పడిన ప్రతిసారీ తమ సరుకు సీలు సరిచూసుకునే హక్కు కంపెనీకి ఉంటుంది, వచ్చినప్పుడల్లా చూసుకున్నది ఇదన్నమాట. అద్దం తిప్పాడు. పదిహేడో పెట్టె వెనక చెక్క కోసి ఉంది. అందులోంచి వేలెడు లావు రబ్బరు గొట్టం గోడలోకి పోయింది.

"కుర్చీ చూడటానికొచ్చారా, గోడ చూడటానికా?" అంది ఆవిడ.

"వెలుతురు ఎటునుంచో చూస్తున్నానండి." లేచి మోకాళ్ళు దులుపుకుని గార్డుని అడిగాడు, "ఈ గోడ అవతల ఏముందయ్యా?"

"ఏమో. పొద్దున్నుంచీ అటుపక్క దారి మూసేశారు."

ఇంకేం చెప్పాలి? గోడ అవతల సిగ్నల్ రూము. నాలుగింటికి కమాండర్ నోరు తెరుస్తాడు, పదిహేడో పెట్టె వింటుంది, లంగరేసి ఉన్న ఏ విదేశీ ఓడకో చేరవేస్తుంది. ఇక్కడ గొట్టం పీకుదామంటే బాస్ పెట్టిన తుపాకీయే కాలుస్తుంది. ఆ గార్డు వినేది ఒక్కటే, ముద్ర పడిన రిలీజ్ ఆర్డరు.

మూడింటికి విచారణ హాలు. మధ్యలో, కోర్టు సీళ్ళు పడకముందే శాంపిల్‌గా విప్పిన కుర్చీ. బల్ల వెనక పెద్దాఫీసరు, తగువు తేల్చమని కోర్టు అధికారం ఇచ్చింది ఆయనకే. మూడు రోజులుగా కుడి కన్ను ఎర్రగా వాచి నీళ్ళు కారుతోంది, దానితో లోకమంతా ఆయనకి శత్రువే. కంపెనీ తరఫున ఒక వకీలు. రేవులో ఆయన్ని వాయిదాల వకీలు అంటారు. ముప్పై ఏళ్ళలో ఆయన గెలిచిన కేసు లేదు, ఓడిన కేసూ లేదు. అన్నీ నడుస్తూనే ఉన్నాయి. ముత్యాలావిడ ఏరి కోరి పెట్టుకున్నది అందుకే. ముఠా సంగతి పాపం ఆయనకి తెలియదు.

"నా క్లయింటుకి జలుబు. వాయిదా కోరుతున్నాం," అన్నాడు వకీలు అలవాటుగా.

"కూర్చోవయ్యా! జలుబుకి వాయిదా, దగ్గుకి వాయిదా! డాక్టరూ, మీరు చెప్పండి. సెలూన్ కుర్చీయేగా?" పెద్దాఫీసరు కన్ను తుడుచుకున్నాడు.

నైన్ పక్క కుర్చీలో ముత్యాలావిడ. ఆవిడ ఒళ్ళోని హ్యాండ్‌బ్యాగు మెల్లగా జరిగి వాడి పక్కటెముకలకి ఆనింది. బ్యాగులోపల ఏదో గట్టిగా, గుండ్రంగా ఉంది.

"చెప్పండి డాక్టర్‌గారూ," అంది తియ్యగా.

"చెప్పను," అన్నాడు నైన్. బ్యాగు ఇంకొంచెం గుచ్చుకుంది. "చూపిస్తాను. అయ్యా, తమరొచ్చి ఇందులో కూర్చోవాలి."

"నేనా?"

"ఆ కంటితో తమరు ఆర్డరెలా రాస్తారు?"

పెద్దాఫీసరు గొణుక్కుంటూ వచ్చి కూర్చున్నాడు. నైన్ లేచి కాలితో మీట తొక్కాడు. కుర్చీ పైకి లేచింది. తల వెనక పట్టీ రెండువైపులా దగ్గరికొచ్చి ఆయన తలని మెత్తగా బిగించింది. వింత చూడటానికి గుమాస్తాలు, టైపిస్టమ్మ, బంట్రోతులు అందరూ చుట్టూ మూగారు. అంతమందిలో ఇక బ్యాగేం చేస్తుంది? నైన్ టార్చి వేసి, రెప్ప మడిచి, దూదితో ఒకటి తీశాడు. కనురెప్ప వెంట్రుక. లోపలికి వంగి పెరిగింది.

పెద్దాఫీసరు రెండుసార్లు రెప్పలార్చాడు. "అమ్మయ్య! ప్రాణం లేచొచ్చిందయ్యా!" తల కదపబోయాడు, కదలలేదు. "ఇదేమిటి, పట్టుకుంది?"

"కంటి డాక్టరు దగ్గర తల కదలకూడదండి. మరి సెలూన్‌లో?"

పెద్దాఫీసరు బిగించిన తలతోనే గుమాస్తాల మీద విరుచుకుపడ్డాడు. "తల ఇలా పట్టేస్తే ఆ మంగలి రెండో చెంప ఎలా గీస్తాడురా? తొమ్మిది నెలల్లో ఒక్కడైనా ఇందులో కూర్చుని చూశాడా? కాగితాలు కాగితాలు పొడుచుకున్నారు గానీ! ఏదీ ఆ ఫైలు!"

నైన్ పట్టీ వదిలించగానే బల్ల దగ్గరికెళ్ళి రాశాడు: 'వాళ్ళు అడిగినట్టే తేల్చి, సరుకు వెంటనే ఇచ్చేయాలి.' రాసి ఆగాడు. "ఈ మాట ఇదివరకే ఎవరో రాశారే?"

"పోయిన అప్రైజర్‌గారండి," అంది టైపిస్టమ్మ. ఎవరూ తలెత్తలేదు.

మూడూ నలభై. ముత్యాలావిడ లేచింది. "మంచిది. రేపు తీసుకెళ్తాం."

"రేపేమిటమ్మా, ఇప్పుడే!" వాయిదాల వకీలు కుర్చీ మీదకి ఎక్కినంత పని చేశాడు. కళ్ళలో నీళ్ళు. "ముప్పై ఏళ్ళకి గెలిచాను! ఒక్క పెట్టె కూడా లోపల ఉండటానికి వీల్లేదు! బళ్ళు పిలవండి!"

"నోరు ముయ్యవయ్యా!"

"గెలిచామమ్మా!"

"ఎవడు గెలవమన్నాడు నిన్ను?"

హాలంతా ఆవిడ వైపు తిరిగింది. నైన్ బ్యాగులోంచి గుడ్డ తీసి, ఇత్తడి సీలు బల్ల మీద పెట్టాడు. "రిలీజ్ రిజిస్టర్‌లో కంపెనీ తరఫున లక్క ముద్ర పడాలి కదండీ. ఇదిగో, మీరే వెయ్యండి."

ఆవిడ చెయ్యి ముందుకొచ్చి, సగంలో ఆగింది. "అది… అది నాకొద్దు."

"ఎందుకొద్దు? పిడి మీరు వేయించిందేగా."

"నేను వేస్తా, నేను వేస్తా!" అని వకీలు సంబరంగా సీలు అందుకోబోయాడు. నైన్ ఆయన మణికట్టు పట్టి ఆపి, సీలు తలకిందులు చేసి బల్లకేసి నొక్కాడు. సూది చెక్కలో దిగి నిలబడింది.

"తొమ్మిది రోజుల కిందట దీన్ని పట్టుకున్న మనిషి తన గది కిటికీ వైపు రెండడుగులు వేశాడు," అన్నాడు.

ఆవిడ బ్యాగులోంచి పిస్టల్ తీసింది. నైన్ కుర్చీ మీట తన్నాడు. కుర్చీ గిర్రున తిరిగి, ఇనుప కాలిపీట ఆవిడ మణికట్టు మీద పడింది. పిస్టల్ జారింది. టైపిస్టమ్మ దాని మీద చెప్పుకాలు వేసి నిలబడి, "కదిలావంటే చూడు," అంది. ఆ పిల్లని అప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు.

వకీలు వేరే సీలుతో ముద్ర వేశాడు. మూడూ యాభై నాలుగు. ఆర్డరు పట్టుకుని నైన్, వెనకాల నల్లకోటు ఎగరేసుకుంటూ వకీలు, గోదాముకి పరుగు.

గార్డు తుపాకీ ఎత్తాడు. ఆర్డరు అందుకున్నాడు. పెదవులు కదుపుతూ మొదటి గీత నుంచి చదవడం మొదలుపెట్టాడు. మూడూ యాభై ఏడు. తేదీ చూశాడు. మూడూ యాభై ఎనిమిది. ముద్రని వెలుతురుకి పెట్టి చూశాడు.

"బాబూ, కొంచెం తొందరగా," అన్నాడు వకీలు.

"తొందరపడితే నా ఉద్యోగం మీరిస్తారా?" అని చివరి గీత కూడా చదివి, తుపాకీ దించాడు. "పట్టుకెళ్ళండి."

నైన్ పదిహేడో పెట్టెని రెండు చేతులా పట్టి గుంజాడు. వకీలూ ఓ చెయ్యి వేశాడు. గోడలోంచి గొట్టం బుడుక్కున ఊడొచ్చింది. పెట్టెలోపల మాటలు పట్టే టేపు చక్రాలు రెండు తిరుగుతూనే ఉన్నాయి. రేవు గడియారం నాలుగు కొట్టింది. గోడ అవతల కమాండర్ చదవడం మొదలుపెట్టే ఉంటాడు. ఇవతల ఆ చక్రాలకి దొరికింది వాయిదాల వకీలు ఆయాసం ఒక్కటే.

నాలుగున్నరకి బాస్ బయటికొచ్చి ఖాళీ గోడ చూశాడు. కళ్ళెర్రజేశాడు. "నీకు నేనేం చెప్పాను?"

"సరుకు కదలనివ్వొద్దన్నారు. వాళ్ళూ అదే అడిగారు సార్, మీ నోటితో."

బాస్ గొట్టం చూశాడు, సూది చూశాడు. కస్టమ్స్ ఆఫీసు గోడకి అంటించిన తన రిపోర్టు తనే వెళ్ళి చింపాడు. క్షమించమని మాత్రం అనలేదు, అలాంటివాళ్ళకి ఆ మాట గొంతులో అడ్డం పడుతుంది. ఆ సాయంత్రం నైన్ అక్క ముందు ఫైలు తెరిచి పెట్టాడు. బావ రాసిన వాక్యం కింద పెద్దాఫీసరు రాశాడు: 'ఈ ఆర్డరు ఆయనది. నేను తొమ్మిది రోజులు ఆలస్యంగా సంతకం పెట్టాను, అంతే.' అక్క అది మూడుసార్లు చదివించుకుంది. తరువాత కట్టిన మూటలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. తమ్ముడు ముడి మీద చెయ్యి వేస్తే ఈసారి తోసెయ్యలేదు.

ఇక వాయిదాల వకీలు సంగతంటావా? జీవితంలో గెలిచింది ఒక్క కేసు, ఆ క్లయింటు జైలుకెళ్ళింది. వారం తిరక్కుండా, గెలిచినందుకు అప్పీలు వేశాడు. అది ఇప్పటికీ వాయిదాల మీదే ఉందట.

ఇది మరిచిపోకు. రేపు నీ దగ్గర కూర్చున్నవాళ్ళకి నువ్వే చెప్పు. వకీలు పేరు చెప్పి నవ్వించు, పరవాలేదు. కానీ ముద్ద కలిపి తినకుండా లేచిపోయిన ఆ అప్రైజర్ని మాత్రం వదిలెయ్యకుండా చెప్పు.